గంతలు కట్టుకుంటే చీకటి తెలుస్తుంది, బతుకు తెలియదు

వికలాంగుల జీవితాన్ని వీడియో గేములు ఎంతవరకు చూపగలవు?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పిల్లలు తరతరాలుగా ఆడుకునే ఆటల్లో కళ్లకు గంతలు ఒకటి, కుంటుడు బిళ్ల మరొకటి. మొదటి ఆటలో చూపున్న పిల్లవాడు కళ్లకు గుడ్డ కట్టుకుని, చేతులు చాచి తోటివారిని వెతుకుతాడు. రెండో ఆటలో రెండు కాళ్లున్న పిల్ల ఒంటికాలిపై గెంతుతూ గడుల్లో బిళ్లను నెడుతుంది. అంటే ఒకరు కాసేపు చూపులేనివారు, మరొకరు కాసేపు కాలులేనివారు అవుతున్నారన్న మాట. ఆట ముగియగానే గంతలు విప్పేస్తారు. ఎత్తిన కాలు కింద పెడతారు. అదే వాడకట్టులో నిజంగానే చూపులేని పిల్లవాడో, నడవలేని పిల్లో ఉంటే మాత్రం వారిని ఆ ఆటలోకి పిలవడం అరుదు. వైకల్యం ఆటలోకి వచ్చింది గాని వికలాంగులు రాలేదు.

ఇప్పుడు పిల్లల ఆట వీధిలోనుంచి సెల్‌ఫోనులోకి మారింది. వీడియో గేము అనగానే తల్లిదండ్రులకు గుర్తుకు వచ్చేది తుపాకుల మోత. ప్రభుత్వం 2020లో పబ్‌జీని, 2022లో ఫ్రీ ఫైర్‌ను నిషేధించినప్పుడు ఊళ్లలో ఊపిరి పీల్చుకున్న తల్లులు చాలామందే. అయితే వీడియో గేములన్నీ ఒక్క తీరువి కావు. చూపులేనివారి నడక, మనసు చెదిరినవారి వేదన, ఒంట్లో సత్తువ లేనివారి రోజు ఎలా ఉంటాయో ఆడేవారి అనుభవంలోకి తేవాలని ప్రయత్నించిన గేములు గత పదిహేనేళ్లలో కొన్ని వచ్చాయి. అవి ఎంతవరకు నెగ్గాయి, ఎక్కడ తప్పాయి అన్నది మన ఊళ్లకూ పనికివచ్చే విషయమే. ఎందుకంటే 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జిల్లాల్లో వికలాంగులు పది లక్షలకు పైగా ఉన్నారు. వికలాంగులు లేని ఊరు ఉండదనే చెప్పాలి.

కథ వేరు, ఆట వేరు

వైకల్యం ఉన్న పాత్రలు మనకు కొత్త కాదు. భారతంలో ధృతరాష్ట్రుడు గుడ్డివాడు, రామాయణంలో మంథర గూనిది. చిందు భాగోతంలోనైనా, ఒగ్గు కథలోనైనా, సినిమాలోనైనా వికలాంగుల పాత్రలు సాధారణంగా మూడు తీర్లుగా కనిపిస్తాయి. ఒకరు కపటి. ఒకరు జాలి పుట్టించేవారు. మరొకరు చివర్లో దేవుడి దయతోనో, డాక్టరు చలవతోనో బాగైపోయేవారు. ఈ మూడింటిలోనూ చూసేవారు బయటే ఉంటారు.

ఆటలో అలా కాదు. ఆడేవారు స్వయంగా పావు కదపాలి. వైకుంఠపాళి పటాన్ని గుర్తు చేసుకుంటే ఇది సులభంగా తెలుస్తుంది. ఆ పటం ముందు కూర్చున్నవారికి పాపపుణ్యాల గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. నిచ్చెన వస్తే పైకి పోతారు, పాము నోట పడితే కిందికి జారుతారు. చెప్పదలచిన నీతి అంతా ఆట నియమంలోనే ఉంది. వీడియో గేము కూడా ఇంతే. చూపులేనివారి గురించి కథ చెప్పడం కాదు, చూపు లేకుండా దారి వెతుక్కునే పనిని ఆడేవారి చేతికి ఇస్తుంది. గేములకున్న బలం ఇదే. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

చెవితో ఆడే ఆట

ఫ్రాన్సు దేశంలోని డోవినో అనే సంస్థ 2015లో 'ఎ బ్లైండ్ లెజెండ్' అనే గేమును విడుదల చేసింది. అందులో కథానాయకుడు చూపులేని యోధుడు. అపహరణకు గురైన భార్యను వెతుక్కుంటూ బయలుదేరతాడు. కూతురు పక్కనుండి దారి చెబుతుంది. విశేషమేమిటంటే ఈ ఆటను కంటితో చూసి ఆడేందుకు తెర మీద బొమ్మలు ఉండవు. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. కుడి చెవిలో కూతురి గొంతు వినిపిస్తే కుడివైపు తిరగాలి. శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తే అటువైపు వేలిని తెరపై జరిపి కత్తి దూయాలి. సెల్‌ఫోనులో ఆడగలిగిన ఈ గేము తెలుగులో లేదు.

దీనిలో గొప్పదనం ఏమిటంటే, ఆడేవారు చీకటిలో భయపడుతూ నిలబడిపోరు. చప్పుడును బట్టి దారి పట్టడం క్రమంగా నేర్చుకుంటారు. పైగా చూపున్నవారు, లేనివారు ఇద్దరూ సమానంగా ఆడవచ్చు. బొమ్మలు చూసే అలవాటున్నవారే మొదట్లో తడబడతారు.

అంధుల క్రికెట్ చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల ఇనుప గుళ్లు ఉంటాయి. బంతి దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలరు చేతిని భుజం కిందినుంచి ఊపి బంతిని నేలబారుగా వేస్తాడు. బ్యాటరు ఆ చప్పుడు విని కొడతాడు. 2025 నవంబరులో కొలంబోలో ముగిసిన అంధ మహిళల టీ20 ప్రపంచకప్‌ను మన దేశ జట్టే గెలుచుకుంది. ఆ ఆటను చూసినవారు వారి చీకటి గురించి కాదు, వారి చెవి నేర్పు గురించి మాట్లాడుకుంటారు. ఆట నియమాలను మనిషికి తగినట్టుగా మార్చితే వైకల్యం వెనక్కిపోయి, నేర్పు ముందుకు వస్తుందనడానికి ఇది ఉదాహరణ.

చెవిలో గొంతులు

కంటికి కనిపించే వైకల్యం సంగతి ఇలా ఉండగా, కనిపించనిదాన్ని చూపడానికి ప్రయత్నించిన గేము మరొకటి ఉంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణంలో ఉన్న నింజా థియరీ సంస్థ 2017లో 'హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్' అనే గేమును తెచ్చింది. సెనువా ఒక యోధురాలు. చనిపోయిన ప్రియుడి ఆత్మ కోసం మృత్యులోకానికి బయలుదేరుతుంది. ఆమెకు సైకోసిస్ అనే మానసిక రుగ్మత ఉంది. ఎదుట ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తుంటాయి. లేనివి ఉన్నట్టు కనిపిస్తుంటాయి.

ఆడేవారు ఇయర్‌ఫోన్లు పెట్టుకోగానే ఆ గొంతులు వారికీ వినిపించడం మొదలవుతుంది. ఒకటి వెనకనుంచి గుసగుసలాడుతుంది. ఒకటి ఎగతాళి చేస్తుంది. ఒకటి వెనక్కి పొమ్మంటుంది. అయితే శత్రువు వెనకనుంచి వస్తున్నప్పుడు హెచ్చరించేదీ ఆ గొంతుల్లో ఒకటే. అందుచేత వాటిని పూర్తిగా నమ్మడానికీ లేదు, పూర్తిగా తోసిపుచ్చడానికీ లేదు. ఆ సందిగ్ధంలోనే నడవాలి.

ఈ గేమును తయారు చేసినవారు ఊహించి వదిలిపెట్టలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మనోవైద్య నిపుణుడు పాల్ ఫ్లెచర్‌ను సంప్రదించారు. అంతకంటే ముఖ్యంగా, అలాంటి గొంతులు నిజంగా వినేవారిని పిలిచి, చేసిన పనిని వారికి చూపించి, వారు చెప్పినట్టుగా సరిదిద్దారు. 2018లో బ్రిటిష్ అకాడమీ గేముల అవార్డుల్లో ఇది ఐదు బహుమతులు పొందింది.

మన పల్లెల్లో ఇలాంటి బాధ ఉన్నవారిని గాలి సోకిందని, చేతబడి జరిగిందని భూతవైద్యుల దగ్గరికి తిప్పడం ఇంకా పూర్తిగా పోలేదు. ఒకరి చెవిలో వినిపిస్తున్నది పక్కవారికి వినిపించకపోవడమే ఈ కష్టానికంతటికీ మూలం. ఆ గొంతులు ఒక్క గంటసేపు తమ చెవుల్లో మోగితే, 'నటిస్తున్నాడు' అనే మాట ఇంటివారి నోట అంత తేలికగా రాదు. ఇలాంటి సమస్య ఉన్న కుటుంబాలు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఫోను నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

గాంధారి గంతలు

ఇక ప్రమాదం సంగతి. భర్తకు లేని చూపు తనకెందుకని గాంధారి కళ్లకు గంతలు కట్టుకుంది. అందువల్ల భర్త కష్టం ఆమెకు తెలిసి ఉండవచ్చు. ఆమె జీవితాంతం ఆ గంతలతోనే ఉంది. పది నిమిషాలు కట్టుకుని విప్పేసేవారికి ఏమి తెలుస్తుందన్నది ప్రశ్న.

దీనిని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పరిశోధకులు పరీక్షించి చూశారు. ఆరియెల్ సిల్వర్‌మన్ నాయకత్వంలో జరిగిన ఈ పరిశీలన ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. సిల్వర్‌మన్ స్వయంగా అంధురాలు. విద్యార్థులకు కళ్లకు గంతలు కట్టి చిన్నచిన్న పనులు చేయించారు. తర్వాత అంధులు ఉద్యోగం చేయగలరా, ఒంటరిగా బతకగలరా అని అడిగారు. గంతలు కట్టుకున్నవారికి అంధుల మీద సానుభూతి పెరిగింది గాని, వారి సామర్థ్యం మీద నమ్మకం మాత్రం గంతలు కట్టుకోనివారికంటే తగ్గింది.

కారణం తెలుసుకోవడం కష్టం కాదు. గంతలు కట్టుకున్నవారికి దొరికేది చూపు పోయిన మొదటి పది నిమిషాలు మాత్రమే. తడబాటు, భయం, గోడకు తల తగలడం. పుట్టు అంధులకు ఆ మొదటి పది నిమిషాలు ఎప్పుడో గడిచిపోయాయి. చేతికర్రతో దారి కనుక్కోవడం, నోటును వేళ్లతో గుర్తుపట్టడం, అడుగుల చప్పుడుతో మనిషిని పోల్చుకోవడం వారికి రోజువారీ పనులు. ఆ నేర్పును చూపకుండా చీకటిని మాత్రమే చూపే ఆట, అది వీధిలోదైనా ఫోనులోదైనా, మంచి చేయబోయి చెడు చేస్తుంది. ఆడినవారు 'పాపం' అంటూ లేచిపోతారు. ఆ పాపం అన్నవారే రేపు ఉద్యోగం ఇవ్వవలసినచోట 'వీరివల్ల ఏమవుతుంది?' అంటారు.

దీనికి ఎదురు కొసన ఉన్నది అద్భుతాల కథ. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం సాధించింది. మేధోపరమైన వైకల్యం ఉన్న ఆ అమ్మాయి చిన్ననాడు ఎగతాళి మాటలు పడిందని కుటుంబమే చెప్పింది. పతకం వచ్చాక ఊరూవాడా పొంగిపోయింది. అది సబబే. కాని పతకం తెచ్చినవారికే గౌరవం, మిగతావారికి మారుపేర్లు అన్న తీరు మాత్రం సబబు కాదు. పరుగెత్తని పిల్లకూ పేరు పెట్టి పిలిపించుకునే హక్కు ఉంది.

చింతగింజల లెక్క

వైకల్యం అంటే చెయ్యి, కాలు, కన్ను మాత్రమే కాదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఇవి ఏడే. కొత్తగా చేరినవాటిలో సికిల్ సెల్ వ్యాధి ఉంది. ఉట్నూరు, ఆసిఫాబాద్ ప్రాంతాల గోండు, కొలాం గూడేలకు ఈ పేరు పరిచయమే. తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఒళ్లంతా తీవ్రమైన నొప్పులు వస్తాయి. చలి, శ్రమ, నీళ్లు తక్కువగా తాగడం వంటివి ఆ నొప్పిని రేపుతాయి. నొప్పి లేనిరోజున ఆ పిల్ల మిగతా పిల్లల్లాగే కనిపిస్తుంది. అందువల్లనే బడిలో 'బద్ధకం', 'సాకు' అన్న మాటలు పడుతుంది.

ఇలాంటి కనిపించని వైకల్యాన్ని ఎలా చూపాలి? క్రిస్టీన్ మిజెరాండినో అనే అమెరికా మహిళ 2003లో దీనికి ఒక ఉపాయం రాసింది. లూపస్ అనే దీర్ఘరోగంతో బతకడం ఎలా ఉంటుందని స్నేహితురాలు అడిగితే, గుప్పెడు చెంచాలు ఆమె చేతిలో పెట్టింది. లేచి తయారవడానికి ఒక చెంచా, వంటకు ఒకటి, బస్సు ఎక్కడానికి ఒకటి అంటూ తిరిగి తీసుకుంది. సాయంత్రానికి ముందే చెంచాలు అయిపోయాయి. మిగతావారికి లెక్కలేనన్ని ఉంటాయి. రోగికి మాత్రం లెక్కపెట్టి ఇస్తారు. తేడా అంతే.

ఇది మాటలతో చెప్పిన ఆట. మన పల్లెల్లో చెంచాలు అక్కరలేదు. వామనగుంటలు ఆడే చింతగింజలు చాలు. బడిలో ఒక పిల్లకు పది గింజలు, మరొక పిల్లకు నలభై ఇచ్చి, పొద్దున నీళ్లు మోయడం, బడికి నడవడం, ఎండలో వరుసలో నిలబడటం, ఆటల పీరియడు, ఇంటికి తిరిగి రావడం, ఒక్కోదానికి ఇన్ని గింజలని పెట్టి ఆడించవచ్చు. పది గింజల పిల్ల దేనిని వదులుకోవాలో తానే తేల్చుకోవాలి. ఆటల పీరియడు వదిలితేనే ఇల్లు చేరగలదు. అప్పుడు అది బద్ధకం కాదని, లెక్క అని పక్కపిల్లకు తెలుస్తుంది.

ఆడేందుకు దారి ఉందా?

వైకల్యం గురించిన గేమును వికలాంగులే ఆడలేకపోతే ప్రయోజనం లేదు. ఈ లోపాన్ని సరిచేసే ప్రయత్నాలూ జరిగాయి. మైక్రోసాఫ్టు సంస్థ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అనే పరికరాన్ని తెచ్చింది. దీనికి రెండు పెద్ద మీటలు ఉంటాయి. వేళ్లు పనిచేయనివారు మోచేతితోనో, పాదంతోనో వాటిని నొక్కవచ్చు. అవసరాన్ని బట్టి వేరే మీటలను తగిలించుకోవచ్చు. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' అనే గేములో అరవైకి పైగా సదుపాయాలు పెట్టారు. చూపు బొత్తిగా లేనివారు కూడా చప్పుళ్ల సాయంతో దానిని చివరిదాకా ఆడగలిగారు.

నార్వే దేశపు మాట్స్ స్టీన్ కథను ఇక్కడ చెప్పుకోవాలి. కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ వ్యాధితో అతడు చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే గేము ఆడేవాడు. కొడుక్కు స్నేహితులు లేరని, ఒంటరిగానే బతికాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014లో 25 ఏళ్ల వయసులో అతడు చనిపోయాక, ఆ వార్త చూసి పలు దేశాలనుంచి వారికి ఉత్తరాలు వచ్చాయి. కష్టకాలంలో ధైర్యం చెప్పాడని ఒకరు, తెగిపోయిన బంధాన్ని కలిపాడని ఒకరు రాశారు. గేములో ఇబెలిన్ అన్న పేరుతో అతడు పరుగెత్తాడు, స్నేహాలు చేశాడు. అంత్యక్రియలకు ఆ స్నేహితుల్లో కొందరు విదేశాలనుంచి వచ్చారు. ఈ కథపై తీసిన చిత్రం 2024లో విడుదలయింది. కన్న తల్లిదండ్రులే కొడుకు జీవితాన్ని పొరపాటుగా అంచనా వేశారంటే, బయటివారు వేసే అంచనాల సంగతి చెప్పేదేముంది!

సుప్రీంకోర్టు మాట

మన దేశంలో ఈ విషయం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2023లో వచ్చిన 'ఆంఖ్ మిచోలీ' అనే హిందీ సినిమా వికలాంగులను కించపరిచేలా ఉందని దావా పడింది. ఆ సినిమా పేరుకు అర్థం కళ్లు మూసి ఆడే ఆట అనే కావడం గమనార్హం. 2024 జూలై 8న తీర్పు చెబుతూ కోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. హీనపరిచే పదాలు వాడరాదని, వికలాంగులను చూసి నవ్వే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేసుకునేందుకు తోడ్పడే హాస్యం వేరని చెప్పింది. వారి గురించి ఏదైనా తయారు చేసేటప్పుడు వారిని భాగస్వాములను చేయాలని కూడా చెప్పింది. తీర్పు సినిమాలు, దృశ్యమాధ్యమాల గురించినదే అయినా, గేములు తయారు చేసేవారికి, వీధి ఆట ఆడించే పంతులుకు, మారుపేర్లు పెట్టే ఊరికి కూడా ఆ మాట వర్తిస్తుంది.

మన ఊరి వైకుంఠపాళి

వీడియో గేము తయారు చేయడానికి కోట్లు కావాలి. కాని దాని సారాన్ని పల్లె బడిలో ఒక చార్టు మీద గీయవచ్చు. వైకల్య ధ్రువీకరణ శిబిరానికి వెళ్లడం ప్రతి వికలాంగుడికీ తప్పని ప్రయాణం. పింఛనుకు, బస్సు పాసుకు ఆ పత్రమే ఆధారం. ఇంటినుంచి ఆ శిబిరందాకా గడులు గీసి వైకుంఠపాళి తయారు చేస్తే, పాములు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పడానికి ఊళ్లోని వికలాంగులే సరైనవారు. పైపుల కోసం తవ్వి పూడ్చని వీధి ఒక పాము. మోకాలి ఎత్తున్న బస్సు మెట్టు ఒక పాము. మేడమీద ఉన్న గది ఒక పాము. వచ్చినవారిని వదిలేసి తోడు వచ్చినవారితోనే మాట్లాడటం అన్నింటికంటే పెద్ద పాము. ర్యాంపు ఒక నిచ్చెన. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఫోను ఒక నిచ్చెన. సైగల భాష తెలిసిన ఉద్యోగి ఒక నిచ్చెన. 'చెయ్యి పట్టుకోనా?' అని అడిగి పట్టుకునే మనిషి ఒక నిచ్చెన.

పాచికలు అందరికీ ఒకటే. కాని కొన్ని పాములు కొందరినే మింగుతాయన్నది నియమం. ఒక ఆట అయ్యాక పిల్లలంతా కలిసి ఒక పామును చెరిపి అక్కడ నిచ్చెన గీయాలి. మళ్లీ ఆడితే నడవలేని పిల్ల ఒక్కతే కాదు, చేతికర్ర పట్టిన ముసలవ్వ, నిండు చూలాలు, బియ్యం మూట మోసుకొచ్చే రైతు కూడా తొందరగా గమ్యం చేరతారు. ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రానికి ర్యాంపు వేయగలిగినప్పుడు మిగతా రోజుల్లో మిగతా ఆఫీసులకు ఎందుకు వేయలేరన్న ప్రశ్న పిల్లలకే తడుతుంది. ప్రజలు వచ్చే భవనాలన్నీ వికలాంగులకు అనువుగా ఉండాలని 2016 చట్టం ఎలాగూ చెబుతోంది.

ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం జరుపుతారు. ఉపన్యాసాలు, పండ్ల పంపిణీ మామూలే. మండలాల్లోని భవిత కేంద్రాల ఉపాధ్యాయులు, పాఠశాలల వారు, సర్పంచులు పూనుకుంటే ఈసారి ఆ రోజున ఇలాంటి చార్టును వికలాంగుల చేతనే గీయించి, ఊరిపెద్దల చేత ఆడించవచ్చు. ఆట అయ్యాక చార్టును బడి గోడకు అంటించి మరిచిపోకుండా గ్రామసభ ముందు పెట్టాలి. అందులోని పాముల జాబితాయే ఊరు చేయవలసిన పనుల జాబితా.